వెలితి తట్ట

పోయిన మాఘమాసంలో ఒక మంగళవారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, నరసరావుపేటలోని మా ఇంటి వరండాలో నేను పత్రిక చదువుకుంటూ ఉండగా, అరవై దాటిన ఒకామె, ఆమె వెనుక కాలేజీ వయసు మనవరాలు, గేటు తెరుచుకుని నా పేరు అడుగుతూ లోపలికి వచ్చారు. గంటలూ నిమిషాలతో సహా చెప్పడం చాదస్తమని మా కోడలు నవ్వుతుంది గాని, నా ఈడు వారికి ఈ అలవాటు అర్థమవుతుందనుకుంటాను. తేదీ లేని సంగతినీ, కొలత లేని గొప్పనూ నమ్మకుండానే ఎనభై నాలుగేళ్లు గడిపాను. ఇక ఇప్పుడు మారలేను.

వాళ్లది బొల్లాపల్లి దగ్గర పల్లె అట. రెండు బస్సులు మారి వచ్చారట. కూర్చోమన్నా కూర్చోకుండా ఆ పెద్దామె చంకలోని సంచి దించి, తువ్వాలులో భద్రంగా చుట్టి తెచ్చిన పటం ఒకటి బయటికి తీసింది. దానికి వేసిన గంధపు దండ కూడా తీయకుండా అలాగే చుట్టి తెచ్చింది. నలుపు తెలుపుల్లో కాస్త మసకబారిన బొమ్మ. నెత్తిన మట్టితట్టతో కాలువ కట్ట ఎక్కుతూ, మొహం పైకెత్తి నవ్వుతున్న ఒక పడుచు.

“ఈమె మా అమ్మ, పెద్దాయనా. నాకు ఏడాది నిండకముందే జొరమొచ్చి పోయింది. కాలవ తవ్వేటప్పుడు సినిమావోళ్ళు తీశారంట. ‘మీ అమ్మ సినిమాలో ఉందే’ అని మా పిన్ని చచ్చేదాకా చెప్తానే ఉండేది. పోయినేడు ఈ పిల్ల ఫోన్లో పట్టింది. నేను పుట్టి బుద్ధెరిగినాక మా అమ్మ మొహం చూడటం అదే. చానా ఏడ్చాను. కానీ మా మేనత్త కోడలు ఊరుకోదే! ‘మట్టి మోసేవోళ్ళు అట్టా నవ్వుతారా? ఎవరో సినిమా ఆమెను తెచ్చి అమ్మని పూజ చేస్తన్నావు’ అని నలుగుర్లో అంటది. ఆ క్యాంపులో కొలతలు తీసినోళ్ళలో మీరొక్కరే మిగిలారని కనుక్కుని వచ్చాం. అవునని మీ నోటితో ఒక్క మాట చెప్పండి, చాలు.”

నేను పటం చేతిలోకి తీసుకోకుండానే గుర్తుపట్టాను. అందులో ఉన్నది నా భార్య.

ఆమె పోయి తొమ్మిదేళ్లు అయింది. ఆ మాట వెంటనే చెప్పలేక, మంచినీళ్లు తాగండని లోపలికి కేక వేసి, కళ్లజోడు తుడుచుకునే నెపంతో కొంచెంసేపు తల వంచుకున్నాను. ఆ కొంచెంసేపట్లో నాకు గుర్తుకు వచ్చినదంతా ఇక్కడ వరుసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

మన కుర్రతనంలో డ్యాము బొమ్మ లేని చోటు లేదు కదా. కృష్ణ మీద ఆ కట్ట లేస్తున్న ఏళ్లలో క్యాలెండరు తిప్పితే డ్యాము, సబ్బుపెట్టె మూత మీద డ్యాము, రిక్షా వెనుక రేకు మీద డ్యాము, పౌరాణిక నాటకాలు ఆడే సమాజం వారి తెరల్లో అంతఃపురానికీ అడవికీ మధ్య కొత్తగా చేరిన డ్యాము. గురజాలలోనూ మాచర్లలోనూ నరసరావుపేటలోనూ ఫోటో స్టూడియోల వారు పాత తోట పరదాలు తీసేసి డ్యాము పరదాలు రాయించుకున్నారు. కొత్త దంపతులు, పరీక్ష ప్యాసైన కుర్రవాళ్లు, మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చిన పసివాళ్లు, అందరూ ఆ ఉరికే నీళ్ల ముందు బిగుసుకుని నిలబడేవారు. నేను ప్రతి పరదా మీదా గేట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఒకచోట తొమ్మిది, ఒకచోట పద్నాలుగు. బట్ట వెడల్పును బట్టి పెయింటరు ఎన్ని పడితే అన్ని వేసేవాడు. నీళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. వరద కృష్ణను చూసిన వాడెవడూ ఆ రంగు వేయడు. మా పెళ్లయిన మూడో నెలలో నేనూ నా భార్యా అలాంటి పరదా ముందే ఫోటో దిగాము. ఆ ఫోటోగ్రాఫరుతో గేట్ల లెక్క తప్పని నేను వాదిస్తుంటే, ఆమె నా మోచేతిని గిల్లి, “ఆయనేమన్నా ఇంజినీరా, వదిలెయ్యండి” అన్న సంగతి మాత్రం నాకు స్పష్టంగా గుర్తు.

అప్పుడు నేను కాలువ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుని. గురజాలకు అవతల, చిల్లచెట్లు కొట్టి చదును చేసిన చోట రేకుల క్వార్టర్లతో మా క్యాంపు ఉండేది. మట్టిపని అంతా ముఠాలు చేసేవి. మగవాళ్లు పలుగులతో తవ్వితే ఆడవాళ్లు తట్టలతో మోసి కట్ట మీద పోసేవారు. ప్రతి ముఠాకు ఒక గుంట; ఆ గుంట ఎంత లోతు తవ్వారో తెలియడానికి మధ్యలో అక్కడక్కడా తవ్వకుండా మట్టిదిమ్మలు వదిలేవారు. దిమ్మ నెత్తి పాత నేల మట్టం కనుక, అక్కడి నుంచి అడుగు వరకు టేపు పట్టి కొలిచేవాణ్ణి. కొన్ని ముఠాలు రెండు పారల మట్టి దిమ్మ నెత్తిన వేసి, తడిపి, ఎక్కడినుంచో గడ్డిపోచలు పెళ్లగించి తెచ్చి దాని మీద నాటి, లోతు ఎక్కువగా చూపించాలనుకునేవి. నేను ఇనుపచువ్వ గుచ్చి చూసేవాణ్ణి. కొత్త మట్టి అయితే చువ్వ దిగిపోయేది. అలా పట్టుకున్నవి ఎన్నో నా డైరీల్లో ఉన్నాయి. నన్ను చూసి ముఠా మేస్త్రీలు “చువ్వ అయ్యగారు వస్తన్నాడు, జాగర్తరోయ్” అని ఒకరికొకరు కేకలు పెట్టుకునేవారు. నాకు అది బిరుదులా ఉండేది.

కానీ ముఠాలో ముఠా వారి మధ్య ఉండే నీతి వేరు. దొరతనాన్ని మోసం చేస్తే నవ్వుకునేవారు గాని, తోటిమనిషిని మోసం చేస్తే సహించేవారు కాదు. గుంట కొలత ముఠా మొత్తానికి ఒక్కటే కనుక, ఒకరు తక్కువ మోస్తే ఆ బరువు పక్కవాళ్ల మెడ మీద పడుతుంది. అందుకని తట్ట ఎప్పుడూ గోపురంగా నిండి ఉండాలి. నిండని దాన్ని వెలితి తట్ట అనేవారు, వాళ్ల నోట ఎలితి తట్ట. ఒళ్లు బాగాలేని మనిషిని ఆ పూట కూర్చోపెట్టి మిగిలినవాళ్లు మోసేవారే తప్ప వెలితి తట్ట ఎత్తనిచ్చేవారు కాదు. ఎత్తిన ఆడమనిషి పేరు చెప్పి పాట కట్టేవారు. ఆ పాట ఆమె కూతురి పెళ్లి దాకా పోయేది కాదట.

ఆ రోజుల్లోనే సినిమావారు వచ్చారు. ప్రభుత్వం తరఫున డాక్యుమెంటరీ తీసేవారు. మన తరానికి బాగా తెలిసిన సంగతే, హాల్లో అసలు బొమ్మకు ముందు అవి వేసేవారు, సగం మంది అప్పుడే సోడాకు లేచి వెళ్లేవారు. టోపీ పెట్టుకున్న డైరెక్టరు ఒకరు, కెమెరామన్ ఒకరు, గొడుగు పట్టే మనిషి ఒకరు. ఫాల్గుణం, బుధవారం, ఉదయం పదిన్నర. వాళ్లకు కావలసినవి చూపించమని ఓవర్సియరుగారు నాకు పురమాయించారు. ముందుగా యంత్రాలు తీశారు. ఉన్నది ఒకటే బుల్‌డోజరు. దాన్నే మూడు దిక్కుల నుంచి తీయించి మూడు చేశారు. నేను చెప్పబోతే, తెర మీద ఎవరు లెక్కపెడతారని ఓవర్సియరుగారు కసిరారు. తర్వాత మనుషులు కావాలన్నారు. రెండో ముఠాలో పొడుగాటి మనిషి ఒకామె ఉండేది. ఆమె కట్ట ఎక్కుతుంటే కింద నుంచి చూసి, ఆమే కావాలని డైరెక్టరు వేలు చూపించాడు.

ఆమె నిండు తట్టతో ఎక్కింది. ఆపమన్నారు. మళ్లీ ఎక్కమన్నారు. మొహం కనపడటం లేదట. నాలుగుసార్లు ఎక్కించి, చివరికి తల పైకెత్తి నవ్వాలని ఓవర్సియరుగారి చేత చెప్పించారు. ఆమె తట్ట దించకుండానే, ఆయాసంతోనే జవాబు చెప్పింది.

“నెత్తిన ఇంత బరువుంటే మొహం ఎట్టా లేస్తదయ్యా? నవ్వాలంటే తట్ట దించనియ్యి, కూర్చోని నవ్వుతా.”

గుంటలో ఉన్న వాళ్లంతా ఘొల్లున నవ్వారు. ఎండ నడినెత్తికి వస్తోందని డైరెక్టరు విసుక్కున్నాడు. అప్పుడు ఉపాయం చెప్పింది నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇంత రాయవలసి వచ్చింది. తట్ట అడుగున ఎండుగడ్డి కూరి, పైన నాలుగు వేళ్ల మందాన మట్టి పరిస్తే చూపుకు నిండుగా ఉంటుంది, తల లేస్తుంది అని నేనే ఓవర్సియరుగారికి చెప్పాను. దిమ్మల మీద గడ్డి నాటే దొంగతనాన్ని రోజూ పట్టుకునే నాకు ఆ మాట ఎంత సులువుగా తోచిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నేను కొత్తగా కనిపిస్తాను.

ఆమె తట్ట దింపించి గడ్డి కూరుతుంటే చూసింది. చూసి వెనక్కి జరిగింది.

“ఇదేంది, ఎలితి తట్టా? నేనెత్తను.”

మేస్త్రీ ఆమెకు మామ వరస. “ఏమే, సినిమాకేగా! ఒక్కసారి ఎత్తితే నీ సొమ్మేం పోద్ది?” అని కేకలేశాడు.

“సినిమాకైతే మాత్రం? నా తట్ట నిండిందా లేదా మా అక్కచెల్లెళ్ళు చూట్టంలా? రేపు నా ఎనకాల నడిచేదానికి ఏం మొహం చూపించేది మామా? కావాలంటే నిండుతట్టతో పొద్దుగూకేదాకా ఎక్కుతా. ఇది మాత్రం ఎత్తను.”

అందరూ నా వైపు చూశారు. “సరే, తట్ట అక్కడే వదిలి నువ్వు పక్కకు జరుగు” అన్నాను. అంతే అన్నాను. ఆమె తట్ట వదిలి, కెమెరా వెనక్కి వెళ్లి, చీరతో కట్టిన ఉయ్యాలలోంచి పసిబిడ్డను తీసి ఒళ్లో పెట్టుకుని, పాలిస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే నా భార్య క్యారియరు పట్టుకుని కట్ట మీదుగా వచ్చింది. శావల్యాపురంలో సేద్యం ఇంట్లో పుట్టిన పిల్ల. పశువులకు మేత మోసిందే గాని మట్టి మోయలేదు. డైరెక్టరు చూశాడు, ఓవర్సియరుగారు నన్ను అడిగారు, ఆమె నన్ను చూసింది, నేను తల ఊపాను. నాకు గర్వంగా ఉండింది, దాచను. తట్ట కింద నెత్తి మీద పెట్టుకోవడానికి ఆమెకు గుడ్డ చుట్టకుదురు లేదు. అప్పుడు ఆ పొడుగాటామె బిడ్డను భుజాన వేసుకుని లేచి వచ్చి, తన నెత్తినున్న కుదురు తీసి నా భార్య నెత్తిన పెట్టి, అటూ ఇటూ సర్ది, “బరువు మెడ మీద ఆపబాక తల్లీ, నడుం మీద ఆపుకో. ఊపిరి బిగబట్టి లెయ్యి” అని నేర్పింది. తెల్లటి పాతగుడ్డ మీద ఎర్ర అంచుపీలిక మూడు చుట్లు అడ్డంగా తిప్పిన కుదురు అది. నేర్పి, వెళ్లి మళ్లీ కూర్చుంది.

నా భార్య ఆమె చెప్పినట్టే నడుం బిగించి, ఊపిరి బిగబట్టి, మణుగు బరువుకు సిద్ధపడి లేచింది. బరువు లేదు. గడ్డి. ఆ ఆశ్చర్యానికి ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వునే కెమెరా పట్టింది. ఒక్కసారికే చాలన్నాడు డైరెక్టరు.

ఆ సాయంత్రం రెండో ముఠా గుంట కొలిస్తే రోజూ వచ్చే లోతు కంటే నాలుగు అంగుళాలు తక్కువ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎందుకు తక్కువైందో రాయడానికి కొలతల పుస్తకంలో గడి లేదు. గడి లేనిచోట నేను ఏమీ రాసేవాణ్ణి కాదు.

ఆ సంవత్సరం దసరా వెళ్లిన తర్వాత నరసరావుపేటలో ఒక హాల్లో అసలు బొమ్మకు ముందు అది వేశారు. పదకొండు నిమిషాలు. గంభీరమైన గొంతు ఒకటి దేశం గురించి చెబుతూ ఉండగా, తెర నిండా నా భార్య. నా చేతి గడియారం ప్రకారం నాలుగు సెకన్లు. పల్నాటి శ్రామికురాలు చిరునవ్వుతో కొత్త యుగాన్ని నెత్తిన మోస్తున్నదన్న అర్థం వచ్చే మాటలేవో ఆ గొంతు అన్నది. హాల్లో చప్పట్లు కొట్టారు. నేను పక్కకు తిరిగి చూస్తే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. సిగ్గనుకున్నాను. రిక్షాలో ఇంటికి వస్తూ, “అది ఆ మనిషి చోటు కదండీ. ఆమె ఎక్కడన్నా చూస్తే ఏమనుకుంటుంది?” అన్నది. ఆ తర్వాత మా సంసారంలో కనీసం మూడుసార్లు, ఆ మనిషి పేరేమిటో కనుక్కోమని నన్ను అడిగింది. ముఠా వెళ్లిపోయిందనీ, హాజరు పట్టీలో మేస్త్రీ పేరూ “మరి ఇరవై ఒక్క మంది” అనీ తప్ప పేర్లు ఉండవనీ, ఆధారం లేకుండా ఎలా వెతుకుతాననీ చెప్పాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆమె అడగడం మానేసింది.

వరండాలో ఆ పెద్దామె నా మొహంలోకే చూస్తోంది. మనవరాలు ఫోనులో ఆ సినిమా తెరిచి నా ముందు పెట్టింది. పాత ప్రభుత్వ చిత్రాలన్నీ ఇప్పుడు అందులో దొరుకుతున్నాయట. ఏడో నిమిషం దాటాక నా భార్య వచ్చింది, నవ్వింది, వెళ్లిపోయింది. ఆమె పడుచుదనం నాటి బొమ్మలు నాకు మిగిలినవి రెండే. స్టూడియో ఫోటోలో ఆమె నిజం, వెనుక డ్యాము అబద్ధం. దీంట్లో కాలువ నిజం, ఆమె అబద్ధం.

“ఈ చుట్ట చూడండి పెద్దాయనా,” అన్నది పెద్దామె, పటం మీద వేలు పెట్టి. “తెల్లగుడ్డ, మూడు చుట్ల పీలిక. మా పిన్ని నాకు నేర్పింది ఇదే. మా ఇంట్లో ఆడోళ్ళు తప్ప ఇట్టా చుట్టేవోళ్ళు లేరు. మా అమ్మ కాకపోతే ఇంకెవరు?”

ఆధారం ఎంత గట్టిగా ఉండాలో అంత గట్టిగా ఉంది. నా జీవితంలో నేను కోరుకున్న ఆధారాలన్నీ అలాంటివే. అవునని చెప్పి పంపేయవచ్చు. కాదనగలవారు భూమ్మీద ఎవరూ లేరు. కానీ చువ్వ గుచ్చి చూడటం తప్ప నాకు మరో పని రాదు. లోపలికి వెళ్లి స్టూడియో ఫోటో తెచ్చి పటం పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు, గడ్డి ఉపాయం నాదేనన్న సంగతితో సహా చెప్పాను.

ఆమె రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది.

“అయితే మా అమ్మ ఏదీ?” అన్నది.

“కెమెరా వెనక. ఇరవై అడుగుల దూరంలో కూర్చుని ఉంది. నువ్వు ఆమె ఒళ్లో ఉన్నావు.”

మనవరాలు ఫోను దించి అవ్వ వైపు చూసింది. పెద్దామె మాత్రం నన్నే చూస్తూ, “ఎట్టుండేది?” అని అడిగింది.

నేను నోరు తెరిచాను. పొడుగాటి మనిషి అన్నాను. ఎక్కేటప్పుడు మడమ ముందు మోపకుండా వేళ్లు మోపేదన్నాను. కింద టేపు పట్టుకుని నిలబడేవాణ్ణి కనుక అది చూశాను. గొంతు గట్టిది అన్నాను. అంతటితో నా దగ్గర ఉన్నది అయిపోయింది. ఆ గుంట లోతు చెప్పగలను, ఆ రోజు పని ఎంతసేపు ఆగిందో చెప్పగలను. మొహం మాత్రం ఎంత వెతికినా రాలేదు.

“ఇన్ని కొలిచారు గదా పెద్దాయనా, మొహం చూళ్ళేదా?”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇంతలో మనవరాలు, “అవ్వా, ఇటు చూడు” అని రెండు వేళ్లతో తెర మీద బొమ్మను పెద్దది చేసింది. తట్ట అంచు నుంచి రెండు గడ్డిపోచలు కిందికి వేలాడుతున్నాయి. ఇన్నేళ్లలో నేను చూడనిది అది. పెద్దామె కళ్లు చికిలించి చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

“గడ్డి మోసి నవ్విందా మీ ఆవిడ! మట్టి మోసేవోళ్ళు అట్టా నవ్వరన్నది మా మేనత్త కోడలు. దాని నోరు పడ, నిజమే అన్నది గదా!” కొంగుతో మొహం తుడుచుకుని, “మా అమ్మ ఎత్తనందా?” అని అడిగింది.

“ఎత్తనంది.”

“అందర్లో?”

“అందరిలో. ఓవర్సియరు ముందు, మేస్త్రీ ముందు, నా ముందు.”

“ఏమన్నదో ఇంకోసారి చెప్పు పెద్దాయనా.”

చెప్పాను. మనవరాలు ఫోను నా వైపు తిప్పి రికార్డు చేస్తానంటే చేయమన్నాను. మూడోసారి ఆ ఫోను కోసం చెప్పాను. ఆ తర్వాత ట్రంకుపెట్టెలోంచి ఆ ఏటి డైరీ తీయించి, ఆ బుధవారం పేజీ చూపించాను. “సినిమా వారు వచ్చిరి. పదిన్నర నుండి పన్నెండున్నర వరకు రెండవ ముఠా పని ఆగెను. ఒక కూలి మనిషి వెలితి తట్ట ఎత్తుటకు నిరాకరించెను. బదులుగా మా ఇంటామె ఎత్తెను.” మనవరాలు చదివి వినిపించింది. వింటుంటే నాకు ఆ నల్లటి అక్షరాల మధ్య ఒక ఖాళీ కనిపించింది. యంత్రం ఒకటైతే మూడు చూపించారని నేను ఇన్నేళ్లు ఆక్షేపించిన సినిమావాళ్లు ఆమె మొహం మార్చారు. నేను ఆమెను ‘ఒక కూలి మనిషి’ అని రాసి, సరిగ్గా రాశాననుకున్నాను.

“మీ అమ్మ పేరు చెప్పమ్మా” అన్నాను. చెప్పింది.

మా పనిలో ఒక నియమం ఉండేది. కొలతల పుస్తకంలో ఒకసారి రాసినదాన్ని చెరపకూడదు, గీకకూడదు. తప్పు ఉంటే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సవరించిన నాటి తేదీ వేసి, పొడి సంతకం చేయాలి. నా ఉద్యోగకాలమంతా నాకు అలాంటి సవరణ ఒక్కటీ అవసరపడలేదని చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు కలం తీసుకుని, ‘ఒక కూలి మనిషి’ అన్న మాటల మీద ఒక్క గీత గీశాను. మార్జినులో ‘కోటమ్మ’ అని రాశాను. ఆ మంగళవారం తేదీ వేసి పొడి సంతకం చేశాను.

వెళ్లేటప్పుడు ఆమె పటం తువ్వాలులో చుట్టబోయి ఆగి, “ఈ దండ తీసెయ్యనా పెద్దాయనా?” అని అడిగింది. మళ్లీ ఆమే తేల్చింది. “ఉండనీలే. చుట్ట మా అమ్మదేగా. మీ ఆవిడక్కూడా ఓ దణ్ణం పోద్ది.” పదకొండూ ఐదుకు వాళ్లు గేటు దాటారు.

ఈమధ్య మా వీధి కుర్రవాళ్లు కాలువకు నీళ్లు వదిలినప్పుడల్లా డ్రోను ఎగరేసి తీసిన బొమ్మలు నాకు చూపిస్తుంటారు. గేట్లు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి, నీళ్ల రంగు కూడా సరిగ్గానే ఉంటుంది. తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకదు. అంత ఎత్తు నుంచి కట్ట సన్నటి గీతలా కనిపిస్తుంది. దాని మీద ఎవరైనా ఎక్కుతున్నారో లేదో తెలియదు, తెలుసుకోవాలని చూసేవారికి తోచదు కూడా. మన కాలంలో ఒకరి చోట ఒకరినైనా నిలబెట్టేవారు. ఆ తప్పు మాకు ఉండబట్టే, ఎక్కడో ఒక పల్లెలో అరవయ్యేళ్ల తర్వాత ఒక కూతురు ఆ మనిషిని వెతుక్కుంటూ రాగలిగింది.

డైరీ మళ్లీ ట్రంకుపెట్టెలో పెట్టించలేదు. స్టూడియో ఫోటో పక్కన, ఆ పేజీ తెరిచి ఉంచాను. పేరు కనుక్కోవడానికి నాకు పట్టింది ఒక మాట అడిగినంతసేపు; అడగడానికి పట్టింది అరవయ్యేళ్లు. ఆ పేరు కనుక్కోమని మూడుసార్లు అడిగిన మనిషి చదవడానికి లేదు.